కైసరును మందిరంలోకి పిలిచేది ఎవరు?



ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల సరిహద్దులో ఉన్న ఒక పల్లెకు ఈ మధ్య వెళ్లాం. ఊరి పేరు రాయడం లేదు. ఆ ఊరి విశ్వాసులు ఇప్పటికే చాలినంత నొచ్చుకున్నారు. అక్కడి మందిరం తలుపుకు మూడు తాళాలు వేలాడుతున్నాయి. ఒకటి పాత సంఘ పెద్దలు వేసినది. రెండవది వాళ్లలో నుంచి విడిపోయి మరో డినామినేషన్‌లో చేరినవాళ్లు వేసినది. మూడవది, ఈ రెండు పక్షాలూ కొట్టుకుంటాయేమోనని అధికారులు వేసినది.

గొడవ మొదలైంది పాస్టరుగారి బదిలీ దగ్గర. అది పెరిగి మందిరం ఎవరిదన్న దాకా వచ్చింది. ఒక పక్షం ఒక పార్టీ నాయకుడిని ఆశ్రయిస్తే, ఇంకో పక్షం ఎదుటి పార్టీ నాయకుడిని ఆశ్రయించింది. ఇప్పుడు ఆదివారం వచ్చిందంటే రెండు వీధుల్లో రెండు షామియానాలు, రెండు మైకులు. ఒకరి ప్రార్థన ఇంకొకరికి వినబడుతూనే ఉంటుంది. చిన్నప్పుడు ఆ మందిరానికి రాళ్లు మోసిన ఒక అవ్వ మమ్మల్ని పక్కకు పిలిచి అడిగిన ప్రశ్న ఒక్కటే: తాను కన్ను మూస్తే ఏ షామియానా వాళ్లు వచ్చి మట్టి చేస్తారని.

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది. ఈ సంపాదకీయం ఆ ప్రశ్న వల్లనే రాస్తున్నాం.

మన వేదికల మీద ఈ రోజుల్లో తరచు వినబడే మాట ఒకటుంది. ప్రభుత్వం మతం జోలికి రాకూడదు, రాజ్యం వేరు, సంఘం వేరు అని. మాట సరైనదే. రాజ్యాంగం 25, 26 అధికరణాలు మనకిచ్చిన హక్కు అదే. కానీ మన రెండు జిల్లాల్లో కైసరు మందిరంలోకి వచ్చిన ప్రతిసారీ తలుపు పగలగొట్టుకుని రాలేదు. చాలాసార్లు మనమే పిలిచాం. మన తోటి సంఘాన్ని ఓడించడానికి పిలిచాం. డినామినేషన్ల పోటీ ఉన్నచోట సంఘానికీ రాజ్యానికీ మధ్య గోడ నిలవదు. దాన్ని పడగొట్టేది బయటివాళ్లు కాదు, లోపలివాళ్లే.

మన నేల మీదే ఈ పాఠం ఉంది

ఈ సంగతి అర్థం కావాలంటే మన సంఘాలు ఎక్కడి నుంచి వచ్చాయో ఒకసారి గుర్తు చేసుకోవాలి. కడపలో 1822లో పని మొదలుపెట్టింది లండన్ మిషనరీ సొసైటీ. జమ్మలమడుగు క్యాంబెల్ ఆస్పత్రి ఆ మిషను వాళ్లదే. నంద్యాల, ముత్యాలపాడు, గిద్దలూరు వైపు పని చేసింది ఎస్పీజీ, అంటే ఆంగ్లికన్ సంఘపు మిషను. కర్నూలు పట్టణంలో పని చేసింది అమెరికన్ బాప్టిస్టులు. కోల్స్ మెమోరియల్ పేరు తెలియని కర్నూలువాళ్లు ఉండరు. వీళ్లతోపాటు రోమన్ కత్తోలిక సంఘం ఉంది. తర్వాతి కాలంలో పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు వచ్చాయి.

పైన చెప్పిన మూడు మిషన్ల వెనుక మూడు రకాల చరిత్ర ఉంది. ఎస్పీజీ 1701లో ఇంగ్లండు రాజు ఇచ్చిన చార్టరుతో పుట్టింది. ఆంగ్లికన్ సంఘం ఇంగ్లండులో రాజ్యపు సంఘం, దానికి అధిపతి రాజే. లండన్ మిషనరీ సొసైటీ 1795లో పుట్టింది. దాన్ని నడిపినవాళ్లలో ఎక్కువమంది రాజ్యపు సంఘంలో చేరని కాంగ్రిగేషనల్ విశ్వాసులు. అలా చేరనివాళ్లను ప్రభుత్వ పదవులకు దూరంగా ఉంచిన టెస్ట్ చట్టం 1828 దాకా ఇంగ్లండులో అమల్లో ఉంది. అక్కడ రాజ్యం పక్షాన ఉన్న సంఘానికీ, రాజ్యం పక్కన పెట్టిన సంఘానికీ ఉన్న దూరమే ఓడెక్కి మన నల్లరేగడి పల్లెలకూ వచ్చింది. 1842లో కడపలో ఉన్న లండన్ మిషను సేవకుడు విలియం హోవెల్ ఆంగ్లికన్ సంఘంలో చేరారు. ఆయన వెంట కొందరు విశ్వాసులూ వెళ్లారు. మన ప్రాంతంలో ఎస్పీజీ తెలుగు మిషనుకు నాంది అదే. మన సంఘాలు మొదటి తరంలోనే డినామినేషన్ల పేరుతో విడిపోయాయన్నమాట.

మరి బాప్టిస్టులో? వారి కథ అమెరికాలో మొదలవుతుంది. కనెక్టికట్ రాష్ట్రంలో కాంగ్రిగేషనల్ సంఘమే అధికార సంఘం. దాని పోషణకు జనం పన్ను కట్టాలి. బాప్టిస్టులు ఆ పన్ను తప్పించుకోవాలంటే తాము ఫలానా సంఘానికి చెందినవాళ్లమని సర్టిఫికెట్ ఇచ్చుకోవాలి. 1801లో డాన్‌బరీ ప్రాంతపు బాప్టిస్టులు అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌కు ఉత్తరం రాశారు. తమ మత స్వేచ్ఛ ఎవరో దయతో ఇచ్చిన వరంలా ఉంది గాని, పుట్టుకతో వచ్చిన హక్కులా లేదన్నది వారి బాధ. 1802 జనవరి 1న జెఫర్సన్ రాసిన జవాబులోనే సంఘానికీ రాజ్యానికీ మధ్య గోడ అన్న పోలిక ఉంది. ఆ గోడ కావాలన్నది దేవుణ్ణి నమ్మనివాళ్లు కాదు, విశ్వాసులే. కనెక్టికట్‌లో ఆ అధికార సంఘం హోదా 1818లో పోయింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఇంగ్లండులో రాజ్యం చేత బాధలు పడ్డ కాంగ్రిగేషనల్ సంఘమే కనెక్టికట్‌లో రాజ్యాన్ని పక్కన పెట్టుకుని బాప్టిస్టులను బాధపెట్టింది. అధికారం చేతికొచ్చేదాకా ప్రతి డినామినేషనూ స్వేచ్ఛ గురించే మాట్లాడుతుంది. చేతికొచ్చాక చాలామంది ఆ మాట మరిచిపోతారు. ఇందులో ఏ ఒక్క సంఘమూ నిర్దోషి కాదు. మా సంఘమూ కాదు.

ఖజానా జీతం నుంచి 1947 దాకా

మన దేశంలోనూ సంఘం ప్రభుత్వ ఖజానా మీద బతికిన రోజులున్నాయి. 1813 చార్టర్ చట్టం కలకత్తాకు ఆంగ్లికన్ బిషప్పును ఏర్పాటు చేసింది. ఆయన జీతం ఈ దేశపు రాబడి నుంచి చెల్లించారు. హిందూ రైతు, ముస్లిం రైతు కట్టిన శిస్తులో నుంచి క్రైస్తవ బిషప్పులకూ, దొరల కోసం నియమించిన చాప్లిన్లకూ జీతాలు వెళ్లాయి. నంద్యాల పల్లెల్లో కాలినడకన తిరిగిన ఉపదేశులకు అందులో పైసా రాలేదు. కానీ క్రైస్తవమంటే దొరల మతం అన్న నింద మాత్రం ఆ ఉపదేశుల మీదే పడింది. లాభం ఒకరికి, నింద ఇంకొకరికి. 1927లో ఇండియన్ చర్చ్ చట్టం వచ్చింది. 1930 నుంచి భారతదేశంలోని ఆంగ్లికన్ సంఘం ఇంగ్లండు రాజ్యపు సంఘం నుంచి వేరై తన పరిపాలన తానే చూసుకోవడం మొదలుపెట్టింది.

ఆ కాలంలోనే మన తెలుగు నేల మీద సేవ చేసిన దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్యగారిని ఈ సందర్భంలో తలచుకోవాలి. 1912 డిసెంబరు 29న అభిషేకం పొందిన ఆయన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్. సంఘాల ఐక్యత కోసం 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశానికి ముందు నిలిచిన వారిలో ఆయన ఒకరు. అదే అజరయ్యగారు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. అలా చేస్తే సంఘం ఒక రాజకీయ వర్గంగా మారిపోతుందని ఆయన భయం. సంఘాలు ఒకటి కావాలని కోరినవాడే సంఘం రాజ్యం మీద ఆనుకోకూడదని కూడా కోరాడు. ఆ రెండు కోరికలకూ వేరు ఒకటే.

ఆయన 1945 జనవరి 1న ప్రభువు సన్నిధికి వెళ్లారు. ఆయన కలగన్న దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఆరు వారాలే. కడప వైపు సంఘాలు అందులో చేరాయి. రాయలసీమ అధ్యక్ష ఖండానికి బిషప్పుగా ఉన్న హోస్పేట్ సుమిత్రగారు తర్వాత సీఎస్ఐకి మొదటి భారతీయ మోడరేటర్ అయ్యారు. కానీ నంద్యాల ప్రాంతంలో కొందరు చేరితే, చాలామంది ఆంగ్లికన్ విశ్వాసులు చేరలేదు. కలకత్తా మెట్రోపాలిటన్ కిందే ఉండిపోయారు. 1963లో నంద్యాల వేరే డయోసిస్ అయింది. 1970లలో గాని అది సీఎస్ఐలోకి రాలేదు. చుట్టాలూ పొరుగువాళ్లూ ఒకే బల్ల దగ్గరికి రావడానికి ఒక తరం పట్టింది. విడిపోవడం తేలిక, కలవడం కష్టం అని ఇంత దగ్గరగా చూసిన ప్రాంతం మనది. అయినా నేర్చుకోలేదు.

ఈనాటి మూడు దారులు

నేడు మనం కైసరును మూడు దారుల్లో లోపలికి పిలుస్తున్నాం.

మొదటిది కోర్టు దారి. 1995లో మలంకర సంఘ వివాదంలో సుప్రీంకోర్టు, మతపరమైన హక్కుల తగాదాలను కూడా సివిల్ కోర్టులు విచారించవచ్చని చెప్పింది. తలుపు అలా తెరిచే ఉంది. 2024 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు సీఎస్ఐ సినడ్ ఎన్నికల కోసం ఇద్దరు విశ్రాంత న్యాయమూర్తులను నిర్వాహకులుగా నియమించింది. ఆ వివాదం సుప్రీంకోర్టుకూ వెళ్లింది. ఏ పక్షం న్యాయమైనదో ఇక్కడ తీర్పు చెప్పం. ఒక్కటి అడుగుతాం. మన సంఘానికి పెద్దలను ఎన్నుకోవడం మన చేత కాక న్యాయస్థానం చెయ్యాల్సి వస్తే, ప్రభుత్వం మన లోపలి విషయాల్లో వేలు పెట్టకూడదని రేపు ఏ నోటితో అంటాం?

రెండవది ఓట్ల దారి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో కడపలో ఒకే క్రైస్తవ కుటుంబానికి చెందిన అక్కాతమ్ముళ్ల వరసవాళ్లు ఎదురెదురుగా నిలబడ్డారు. వాళ్లు పోటీ చేయడం వాళ్ల హక్కు. ఎవరికి ఓటు వెయ్యాలన్నది విశ్వాసి మనస్సాక్షి. కానీ ఏ ఎన్నికల్లోనైనా ఫలానా సంఘం ఫలానా వారి వెనుక ఉందని చెప్పుకోవడం, అభ్యర్థిని వేదిక ఎక్కించి చేతులుంచి ప్రార్థించడం ప్రసంగ వేదికకు తగదు. ఇది సంప్రదాయం సంగతి మాత్రమే కాదు. మతం పేరుతో ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అక్రమం. 2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం దాన్ని మరింత గట్టిగా చెప్పింది. మందిర ఆవరణను రాజకీయ పనులకు వాడటాన్ని 1988 నాటి చట్టం ఒకటి నిషేధిస్తుంది. ఆ చట్టం గుడికీ మసీదుకూ ఎంతో మనకూ అంతే.

మూడవది డబ్బు దారి. ఇది అన్నిటికన్నా సున్నితమైనది. 2020 మే నెలలో, కరోనా రోజుల్లో, మన రాష్ట్ర ప్రభుత్వం అర్చకులకు, ఇమాములకు, మౌజములకు, పాస్టర్లకు ఒక్కసారి సాయంగా 5,000 రూపాయలు ఇచ్చింది. పాస్టర్లకు నెలకు 5,000 గౌరవ వేతనమన్నది 2019 ఎన్నికల హామీ. అది అమల్లోకి వచ్చింది. యెరూషలేము యాత్రకు సాయం ఉంది. 2019లో దాన్ని ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి 60,000 రూపాయలకు పెంచారు.

పుచ్చుకున్న పాస్టరును మేము తప్పు పట్టం. వాన లేని ఏడు పల్లెంతా పిల్లాపాపలతో వలస పోతే, కానుక సంచిలో పడేది ఎంతో మాకు తెలుసు. పది రూపాయల నోట్లు లెక్కపెట్టుకుని ఇల్లు నడిపే అయ్యగార్లనూ అమ్మగార్లనూ మేము చూశాం. అర్చకులకు, ఇమాములకు ఇచ్చినప్పుడు పాస్టరుకు ఎందుకు ఇవ్వరన్న ప్రశ్నా న్యాయమైనదే. అందరికీ సమానంగా చూడటం కూడా లౌకిక రాజ్యపు ఒక రూపమే.

కానీ రెండు సంగతులు ఆలోచించాలి. ఒకటి, ఒక మతాన్ని పోషించడానికే వాడే పన్నును ఎవరి చేతా బలవంతంగా కట్టించకూడదని మన రాజ్యాంగం 27వ అధికరణం చెప్తోంది. హజ్ సబ్సిడీని పదేళ్లలో తగ్గించుకుంటూ ఆపేయమని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఇచ్చిన చెయ్యి ఎప్పుడైనా వెనక్కి పోవచ్చు. ఆ రోజు మన సేవకులు ఏమి తింటారో మనం ఆలోచించామా? రెండు, ఆ డబ్బు వచ్చిన దగ్గర నుంచి జాబితాల పోటీ మొదలైంది. ఎవరు అసలు పాస్టరు, ఎవరిది అసలు సంఘం, ఎవరికి రిజిస్ట్రేషన్ కాగితం ఉంది అని ఒకరి మీద ఒకరు ఆరోపణలు చేసుకుంటున్నాం. పెద్ద డినామినేషన్ల వాళ్లు స్వతంత్ర సంఘాల వాళ్లను పాస్టర్లే కాదంటారు. స్వతంత్ర సంఘాల వాళ్లు, ఆస్తులన్నీ మీ దగ్గరే ఉన్నాయి గదా అంటారు. దేవుని పిలుపును గుర్తించే పని తెలియకుండానే ప్రభుత్వ కార్యాలయం బల్ల మీదికి చేరింది. డాన్‌బరీ బాప్టిస్టులు ఏ సర్టిఫికెట్ మీద నొచ్చుకున్నారో, మనం ఆ సర్టిఫికెట్ కోసమే వరసలో నిలబడి పక్కవాణ్ణి నెడుతున్నాం.

పౌలు రెండు మాటలు

అయితే ప్రభుత్వం దగ్గరికి వెళ్లనే కూడదా? అలా కాదు. పౌలు జీవితంలోనే ఈ ప్రశ్నకు జవాబు ఉంది. అపొస్తలుల కార్యములు 25వ అధ్యాయంలో ఆయన రోమా పౌరుడిగా తన విచారణ కైసరు ఎదుటే జరగాలని పట్టుబట్టాడు. అదే పౌలు 1 కొరింథీయులకు 6వ అధ్యాయంలో సహోదరుడు సహోదరుడి మీద అవిశ్వాసుల ఎదుట వ్యాజ్యెమాడటాన్ని సిగ్గుచేటన్నాడు. అన్యాయం భరించడమే దానికంటే మేలని చెప్పాడు. ఈ రెండింటికీ పొసగదనుకోవద్దు. పౌరుడిగా న్యాయం అడగడం ఒకటి. సంఘం లోపలి పోటీలో గెలవడానికి అధికారాన్ని వాడుకోవడం మరొకటి. మొదటిది హక్కు, రెండవది ఓటమి.

కాబట్టి ప్రార్థన జరుగుతున్న ఇంటి మీద దాడి జరిగితే పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. మందిరంలో పిల్లల మీద గాని, స్త్రీల మీద గాని అఘాయిత్యం జరిగితే తప్పకుండా వెళ్లండి. దాన్ని ఇంటి గుట్టు అని దాచడం పాపం. కానుకల డబ్బు ఎవరైనా కాజేస్తే, పెద్దలు వినకపోతే, చట్టం ఉంది. దళిత క్రైస్తవుల సంగతీ అంతే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో మాల, మాదిగ క్రైస్తవులు బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకుంటున్నారు. దీని మీద న్యాయం అడగడం పౌరుల హక్కు. అందులో కత్తోలికుడూ, బాప్టిస్టూ, పెంతెకొస్తు సోదరుడూ ఒకే గొంతుతో అడగవచ్చు. కానీ ఒక్క మాట. వాడవాడకూ, కులకులానికీ వేరే మందిరం కట్టుకుని, రాజ్యం దగ్గర మాత్రం సమానత్వం అడిగితే ఆ గొంతుకు బలం ఎక్కడిది?

మన ప్రాంతానికి ఫ్యాక్షన్ అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర లేదు. రెండు వర్గాలు, మధ్యలో నలిగే ఊరు, ఇద్దరినీ వాడుకునే పైవాడు. ఆ నమూనాను మందిరంలోకి తెచ్చుకుని దానికి డినామినేషన్ అని పేరు పెట్టుకుంటున్నామేమోనని మా భయం.

చేయగలిగినవి

పెద్ద ఐక్యత కోసం పెద్ద సభలు పెట్టమని మేము అడగడం లేదు. సభలు చాలా చూశాం. ఈ ఏడు మన రెండు ప్రాంతాల సంఘాలు నాలుగు పనులు చేస్తే చాలు.

ఒకటి, ప్రతి మండలంలో అన్ని డినామినేషన్ల నుంచి ఇద్దరేసి పెద్దలను, వారిలో స్త్రీలను కూడా, కూర్చోబెట్టండి. మందిరం, స్థలం, బదిలీ తగాదా ఏదైనా కోర్టుకో నాయకుడికో వెళ్లేముందు వారి ముందుకు రావాలి. రెండు, పట్టణ సంఘాలు తమ కానుకల్లో కొంత పల్లె సేవకుల కోసం, డినామినేషన్ చూడకుండా, ఉమ్మడి నిధిగా పక్కన పెట్టాలి. లెక్క ప్రతి నెలా గోడ మీద అంటించాలి. యెరూషలేములోని పేద పరిశుద్ధుల కోసం అన్యజనుల సంఘాలు చందా పంపిన సంగతి 2 కొరింథీయులకు 8వ అధ్యాయంలో చదువుతున్నాం. ప్రభుత్వ సాయం ఆగినా మన సేవకుడి పొయ్యి ఆరకూడదు. మూడు, ఎన్నికల కాలంలో అభ్యర్థి మందిరానికి వస్తే బెంచీ మీద కూర్చోనివ్వండి, మైకు ఇవ్వకండి. నాలుగు, సమాధుల తోటలో గోడలు కట్టకండి. ఏ డినామినేషన్ విశ్వాసి చనిపోయినా, పిలిస్తే ఏ పాస్టరైనా వెళ్లి మట్టి చేయాలి.

ఈ నాలుగింటికీ ప్రభుత్వ ఉత్తర్వు అక్కర లేదు. ఎవరి అనుమతీ అక్కర లేదు. తన సహోదరుడితో ఆస్తి పంచిపెట్టించమని ఒకడు ప్రభువును అడిగినప్పుడు, ఆ పంపకానికి తాను తీర్పరిగా కూర్చోనన్నట్టు ఆయన జవాబిచ్చి, లోభం గురించి హెచ్చరించాడు. మన తగాదాల్లో ఎన్నింటికి మూలం ఉపదేశం, ఎన్నింటికి మూలం స్థలం, మనమే పరీక్షించుకోవాలి.

ఆ పల్లెకు మేము మళ్లీ వెళ్తాం. మూడవ తాళం తీయడం మన చేతిలో లేదు, అది అధికారుల పని. కానీ మొదటి రెండు తాళం చెవులూ విశ్వాసుల జేబుల్లోనే ఉన్నాయి. ఆ రెండూ తీసి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కార్యాలయానికి వెళ్తే, మూడవది ఎక్కువ రోజులు ఉంటుందని మేము అనుకోవడం లేదు. ఈలోగా ఆ అవ్వ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది కైసరు కాదు, మనమే. రెండు షామియానాల వాళ్లూ రావాలి. ప్రభువు మనకు అంతటి మనసు దయచేయును గాక.